పంక్తిలో ఇంకొక విస్తరి

ఆకలి రుచి ఎరుగదని మన పెద్దలు చెప్పినారు. కడుపు నిండినవాడు అన్నం విలువ ఎరుగడని వేరుగా చెప్పవలసిన అవసరం వారికి కలుగలేదు. అది నిత్యం కంటికి కనబడే విషయమే. ఒక వైపు అన్నం పారవేయుట, మరొక వైపు అన్నం లేక మనుష్యులు పస్తులుండుట - ఈ రెండును ఒకే ఊరిలో, ఒకే వీధిలో, ఒక్కొక్కప్పుడు ఒకే గోడకు ఇరువైపుల జరుగుతున్నవి. ఆ గోడను ఏ విధంగా దాటవచ్చునో పరిశీలించుటే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పరిశీలనకు మమ్ములను పురికొల్పినది ఒక చిన్న సంఘటన. అందులో తప్పు మాదే గనుక దాచకుండా చెబుతున్నాము. గత సంవత్సరం మన కళాశాల వార్షికోత్సవం నాటి రాత్రి విందు ఏర్పాట్లు చూచే బాధ్యత విద్యార్థులమైన మాకు అప్పగించినారు. తక్కువైనదన్న మాట రాకూడదన్న భయంతో, వస్తామన్న వారి లెక్కకు మేము కొంత కలిపి వంటవారికి చెప్పినాము. వంటవారు తమ వంతుగా మరికొంత కలిపినారు. సాయంత్రం గట్టి వాన కురిసినది. రావలసిన వారిలో చాలమంది రాలేదు. ఆరు గంటలకే ఆ సంగతి మాకు తెలుస్తూనే ఉన్నది. కాని అలంకరణల హడావుడిలో ఎవరమును దానిని పట్టించుకొనలేదు. రాత్రి పదకొండు గంటలకు చూడగా ఒక దేగ్ బిర్యానీ దమ్ము విప్పకుండానే ఉన్నది. మరొక దానిలో సగం మిగిలినది. అప్పుడు తొందరపడి ఒక అనాథాశ్రమానికి ఫోను చేసినాము. పిల్లలు పడుకొన్నారని కావలివాడు చెప్పినాడు. మరొక చోట ఎవరును ఫోను తీయలేదు. ప్రొద్దున చూతములే అని మూతలు వేసి వెళ్ళిపోయినాము. తెల్లవారి మూత తీసేసరికి పులిసిన వాసన వచ్చినది. ఆటస్థలం వెనుక గొయ్యి తీయించి ఆ అన్నమంతయు పూడ్పించవలసి వచ్చినది.

ఆ గోతి దగ్గర నిలబడి చూస్తున్న వారిలో మన వసతిగృహం ఊడ్చే ఆయమ్మ కూడ ఉన్నది. ఆమె ఇల్లు కళాశాల ప్రహరీ గోడకు ఆవలి బస్తీలోనే. "నిన్న పొద్దుగూకాల ఒక్క మాట చెప్తే గిన్నెలు పట్టుకొని వచ్చేటోళ్ళం గద బాబూ!" అని మాత్రం అన్నది. ఆ మాటలో కోపం లేదు. అందుచేతనే అది మమ్ములను ఎక్కువగా బాధించినది. పదకొండు గంటలకు మేము తలపెట్టిన పని ఆరు గంటలకు చేయవలసినదని ఆమె ఒక్క వాక్యంలో తేల్చివేసినది. ఈ వ్యాసంలో మేము చెప్పబోవునది చాలవరకు ఆ వాక్యానికి వ్యాఖ్యానమే.

వృథా పరిమాణం

మా గోతిలో పడినది ఒక దేగ్ అన్నం. ప్రపంచం మొత్తం మీద జరుగుతున్నది ఎంత? ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ప్రచురించిన అంచనాల ప్రకారం, 2022వ సంవత్సరంలో ఇళ్ళలోను, హోటళ్ళలోను, దుకాణాలలోను కలిసి వృథా అయిన ఆహారం సుమారు 105 కోట్ల టన్నులు. ప్రజలకు అందుబాటులోకి వచ్చిన ఆహారంలో ఇది దాదాపు ఐదవ వంతు. ఈ లెక్కలో తొక్కలు, ఎముకలు వంటి తినరాని భాగాలు కూడ చేరియున్నవి. అయినను తినదగినది అందులో చాలనే ఉన్నది. పొలం నుండి అంగడికి చేరే లోపల ఎలుకలు, తేమ, ఎగుడుదిగుడు దారులు, గోదాముల కొరత మొదలగు కారణాల వలన కలిగే నష్టం దీనికి అదనం.

ఇందులో మనము గమనింపదగిన విషయం మరొకటి కలదు. ఈ వృథాలో 60 శాతం ఇళ్ళలోనే జరుగుతున్నది. హోటళ్ళు, భోజనశాలల వంటి వాటి వంతు 28 శాతం. దుకాణాల వంతు 12 శాతం. వృథా అనగానే పెండ్లి పందిళ్ళను, పెద్ద హోటళ్ళను వేలెత్తి చూపుట మనకు అలవాటు. కాని ఎక్కువ భాగం మన వంటింటి నుండి, మన కంచం నుండి పోతున్నది.

పారవేసిన అన్నంతో పోయేది అన్నం ఒక్కటే కాదు. ఒక కిలో ధాన్యం పండుటకు సుమారు 2500 లీటర్ల నీరు కావలెనని వ్యవసాయ శాస్త్రజ్ఞుల లెక్క. దుక్కి దున్నినవాని శ్రమ, నాటు వేసిన స్త్రీల నడుము నొప్పి, ఎరువు, కరెంటు, లారీ నూనె ఇవన్నియు ఆ మెతుకులలో దాగియున్నవి. అంతటితో ఆగదు. హైదరాబాదు నగరపు చెత్త చేరే జవహర్‌నగర్ వంటి చోట్ల అన్నము, కూరలు గాలి సోకని పొరల క్రింద కుళ్ళినప్పుడు మీథేన్ వాయువు పుడుతుంది. భూమిని వేడెక్కించుటలో ఇది బొగ్గుపులుసు వాయువు కన్న అనేక రెట్లు బలమైనది. తినని అన్నం ఆ విధంగా గాలిని కూడ చెరుపుతున్నది.

ఇక నాణెమునకు రెండవ వైపు. ఆహార వ్యవసాయ సంస్థ మొదలగు ఐక్యరాజ్యసమితి సంస్థలు 2025లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2024లో ప్రపంచంలో ఆకలికి గురియైన వారు సుమారు 67 కోట్ల మంది.

ఆకలికి కారణం కొరత ఒక్కటేనా?

ఇంత ఆహారం వృథా అగుచుండగా ఇంతమంది ఆకలితో ఉండుటకు కారణమేమి? పండిన పంట చాలకనే ఆకలి కలుగుతుందని చాలకాలం అందరును భావించినారు. తెలుగు దేశం కరువులను బాగుగా ఎరిగిన దేశం. 1832-33లో గుంటూరు సీమను పాడు చేసిన డొక్కల కరువు, 1876-78లో రాయలసీమను, దక్షిణాపథాన్ని పీడించిన ధాత కరువు నేటికిని ముసలివారి మాటలలో వినబడుతుంటవి. వానలు లేకపోవుట వాటికి కారణమనుట నిజమే గాని, అది పూర్తి నిజం కాదు.

ప్రసిద్ధ ఆర్థికశాస్త్రవేత్త అమర్త్య సేన్ 1981లో వెలువరించిన 'పావర్టీ అండ్ ఫామిన్స్' అను గ్రంథంలో 1943 నాటి బెంగాలు కరువును పరిశీలించినారు. ఆ సంవత్సరం బెంగాలులో లభ్యమైన ధాన్యం అంతకు ముందు కరువు లేని 1941వ సంవత్సరం కన్న తక్కువ కాదని ఆయన చూపినారు. యుద్ధకాలంలో బియ్యం ధర ఎగబ్రాకినది. వ్యవసాయ కూలీలు, జాలరులు, చేతిపనుల వారు ఆ ధర పెట్టి కొనలేకపోయినారు. లక్షలాది ప్రజలు అన్నం లేని దేశంలో కాదు, అన్నం కొనలేని స్థితిలో చనిపోయినారు. ఆహారం ఉండుట వేరు, దానిపై మనిషికి హక్కు ఉండుట వేరు అనునది ఆయన సిద్ధాంత సారం.

ఈ సత్యాన్ని మరచి అన్నదానం గురించి ఎంత వ్రాసినను అది అసంపూర్ణమే. అందుచేతనే 1983లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం, బడి పిల్లల మధ్యాహ్న భోజనం, 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం మొదలగునవి ఎంతో ముఖ్యమైనవి. ఆ చట్టం క్రింద అర్హులైన కుటుంబాలలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం హక్కుగా లభిస్తుంది. హక్కుగా వచ్చే అన్నానికి దయగా వచ్చే అన్నం సాటి రాదు.

అట్లయిన మనము పంచుకొనుట వలన ప్రయోజనం లేదా? ఉన్నది. చట్టం నెలకొకసారి వస్తుంది. ఆకలి పూటపూటకును వస్తుంది. కార్డు లేనివాడు, ఊరు వదలి కూలికి వచ్చినవాడు, ఆసుపత్రి ముందు రోగి కొరకు పడిగాపులు పడేవాడు, పొయ్యి వెలిగించుకొనే చోటు లేనివాడు - వీరికి కావలసినది నెలాఖరు బియ్యం కాదు, ఈ పూట అన్నం. అటువంటి చోట పొరుగువాని చేయి తప్ప వేరొకటి అందదు.

ముందుగా తీసిన భాగం

పంచుకొనుట మనకు క్రొత్త విద్య కాదు. అయితే మన పూర్వుల ఆచారాలను వరుసగా పరిశీలించినప్పుడు మాకు ఒక విశేషం కనబడినది. వారు పంచినది మిగిలిన దానిని కాదు. ముందుగా తీసి పెట్టిన దానిని.

పూర్వం అనేక తెలుగు ఇళ్ళలో ఎసట్లో బియ్యం పోయుటకు ముందే ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేసే అలవాటు ఉండేది. వారం తిరిగేసరికి ఆ కుండ ఒక బీద కుటుంబానికి ఒక పూట గ్రాసం అయ్యేది. పిడికెడు తగ్గినందున ఆ ఇంటిలో ఎవరును ఆకలితో లేవలేదు.

విద్యార్థులమైన మనకు ఇంకను దగ్గరి ఉదాహరణ వారాలు. పట్నానికి చదువుకొనుటకు వచ్చిన బీద బాలుడు ఏడు ఇళ్ళు చూచుకొని, సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట భోజనం చేసి చదువు సాగించేవాడు. మన తాతల తరంలో ఎందరో ఆ విధంగా చదివి పెద్దవారైనారు. ఆ ఇల్లాలికి ఏ వారం ఎవరు వస్తారో ముందే తెలుసును. ఆమె సోలెడు బియ్యం ఎక్కువ పోసేది. ఆ బాలునికి పెట్టినది ఎంగిలి కాదు, మిగులు కాదు, అతని కొరకు వండినది. అయితే ఈ ఆచారం చాలవరకు ఆయా కులాల పరిధిలోనే నడచినదనియు, అన్ని కులాల బీద బాలురకు ఆ ఏడు తలుపులు తెరచుకొనలేదనియు మనము మరువరాదు. వారం తప్పిన రోజు పస్తుండిన బాలుని మనోవ్యథను కూడ మరువరాదు.

ఇస్లాం ఆచారాలలోను ఇదే క్రమం కనబడుతుంది. రంజాన్ మాసాంతంలో ఇవ్వవలసిన ఫిత్రాను ఈద్ నమాజుకు ముందే ఇవ్వవలెనని నియమం. పండుగ నాడు బీదవాడు అడుక్కొనే అవసరం లేకుండా, అందరితోపాటు తానును పండుగ చేసికొనుటయే దీని ఉద్దేశం. బక్రీద్ నాడు మాంసాన్ని మూడు భాగాలు చేసి ఒకటి ఇంటికి, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి బీదలకు కేటాయించుట వాడుక. హైదరాబాదు వీధులలో హిస్సా అని ఇంటింటికి పళ్ళెం వెళ్ళేది ఈ భాగమే. వంట అయిన తరువాత కాదు, కోసిన వెంటనే భాగాలు వేస్తారు. మితిమీరిన ఖర్చును, వృథాను ఇస్రాఫ్ అని పేర్కొని నిషేధించుట కూడ ఆ మతంలోనే ఉన్నది. పంచుట, వృథా చేయకుండుట అనునవి అక్కడ ఒకే శిక్షణలోని రెండు భాగాలు.

సిక్కుల లంగరులో ఇంకొక అడుగు ముందుకు పడినది. గురు నానక్ కాలం నుండి వస్తున్న ఆ పంక్తిలో ధనికుడు, బీద, సిక్కు, సిక్కు కానివాడు అను భేదం లేకుండా అందరును నేల మీద ఒకే వరుసలో కూర్చుని ఒకే రొట్టె తింటారు. అమృతసర్ స్వర్ణ దేవాలయంలో రోజుకు ఏబది వేలకు పైగా జనం ఆ విధంగా భోజనం చేస్తున్నారు. తిరుమలలో 1985లో ప్రారంభమైన నిత్యాన్నదానం మన ప్రాంతపు ఉదాహరణ.

గోదావరి లంకలలో డొక్కా సీతమ్మ గారి పేరు ఎరుగని వారుండరు. 1841లో పుట్టి 1909లో గతించిన ఆ ఇల్లాలు లంకల గన్నవరంలో తన ఇంటి పొయ్యిని ఆర్పలేదు. పడవలు దిగి, పాయలు దాటి, వేళగాని వేళ వచ్చిన బాటసారికి కూడ ఆమె ఇంట అన్నం దొరికేది. ఎవరో వస్తారన్న లెక్క ఆమె వంటలో ముందే ఉండేది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టినది.

మిగిలిన దానిని చేరవేయుట

ముందుగా తీసిన భాగం శ్రేష్ఠమే. కాని ఎంత లెక్క వేసినను వాన కురువవచ్చును, అతిథులు రాకపోవచ్చును. అప్పుడు మిగిలినది ఏమి కావలెను? ఈ ప్రశ్నకు సమాధానం వెదకినవారు నేటి కాలంలో అనేకులు.

అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ అను ఆయన, దుకాణాలవారు పారవేసే మంచి ఆహారంతో పిల్లలను పోషించుకొంటున్న ఒక తల్లి మాటల వలన ప్రేరణ పొంది, 1967లో ఒక ఆహారపు బ్యాంకు నెలకొల్పినారు. డబ్బు దాచుకొని అవసరానికి తీసికొన్నట్లే, ఎక్కువైనవారు ఆహారం వేసి, అవసరమైనవారు తీసికొనే చోటు అది. జర్మనీలో 2012 నుండి మిగులు ఆహారం పంచుకొనే ఉద్యమం ఒకటి వ్యాపించినది. వీధి మూలల్లో బీరువాలు, ఫ్రిజ్‌లు పెట్టి ఎవరైనను ఉంచవచ్చును, ఎవరైనను తీసికొనవచ్చును అను పద్ధతి అందులో ఒకటి. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో 2011లో ఒక్క సైకిలుతో మొదలైన రీఫుడ్ అను సంస్థ హోటళ్ళు మూసే వేళకు తిరిగి ఆహారం సేకరించి పంచినది. దానిని చూచి ప్రేరణ పొందిన యువకులు 2014లో ఢిల్లీలో రాబిన్ హుడ్ ఆర్మీ స్థాపించినారు. అది హైదరాబాదుతో సహా అనేక నగరాలకు ప్రాకినది. ఫ్రాన్సు దేశం 2016లో ఒక చట్టం చేసి, పెద్ద దుకాణాలవారు తినదగిన ఆహారాన్ని నాశనం చేయరాదని, సేవాసంస్థలతో ఒప్పందం చేసికొనవలెనని శాసించినది. మన దేశంలో కూడ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2019లో మిగులు ఆహార సేకరణ, పంపిణీలకు ప్రత్యేక నియమాలు రూపొందించినది.

మన నగరంలోనే, 2012లో సయ్యద్ ఉస్మాన్ అజహర్ మక్సూసీ అను ఆయన దబీర్‌పురా వంతెన క్రింద దిక్కులేని వారికి అన్నం పెట్టుట ప్రారంభించినారు. ఆయన పెట్టినది విందులలో మిగిలినది కాదు, వారి కొరకే వండించినది. తినేవాని మతమేమని ఆ వంతెన క్రింద ఎవరును అడుగలేదు.

ఈ ప్రయత్నాలన్నింటిని కలిపి చూచినప్పుడు తెలియునదేమనగా, అన్నం ఉన్న చోటు నుండి ఆకలి ఉన్న చోటికి గల దూరం కొద్దిదే. కష్టమంతయు వేళలో ఉన్నది. హైదరాబాదు పెండ్లిళ్ళలో వడ్డన ముగిసేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆ వేళకు ఆకలితో ఉన్నవాడు ఆకలితోనే నిద్రపోయి ఉంటాడు. తెల్లవారితే అన్నం పనికిరాదు. కావున ఏ సంస్థ అయినను, ఏ వాహనమైనను చేయవలసిన మొదటి పని వేళను వెనుకకు జరుపుట.

కాలము, వేడి, శుభ్రత

పాడైన అన్నం పెట్టుట కన్న పెట్టకుండుట మేలు. ఆకలితో ఉన్నవాని శరీరం మన శరీరం కన్న బలహీనం. అతనికి వాంతులు, విరేచనాలు పట్టిన నాడు కూలి పోతుంది, మందుల ఖర్చు మీద పడుతుంది. కనుక ఈ విషయంలో శాస్త్రం చెప్పేది ప్రతి కార్యకర్తయు ఎరిగి ఉండవలెను.

సూక్ష్మజీవులు 5 డిగ్రీల సెంటిగ్రేడు నుండి 60 డిగ్రీల వరకు గల వేడిలో త్వరగా పెరుగుతవి. అందుచేత వండిన పదార్థాన్ని 60 డిగ్రీలకు పైన వేడిగా ఉంచవలెను, లేదా త్వరగా చల్లార్చి 5 డిగ్రీలకు లోపల ఉంచవలెను. ఈ రెండింటికి నడుమ, గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. తిరిగి వేడి చేయునప్పుడు లోపలి వరకు కనీసం 70 డిగ్రీలు రావలెను.

అన్నం విషయంలో ఒక ప్రత్యేకమైన అపాయం ఉన్నది. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి బీజాలు ఉడికించినను చావవు. అన్నం గోరువెచ్చగా చాలసేపు ఉన్నచో అవి మొలకెత్తి వృద్ధి చెంది ఒక విషం పుట్టిస్తవి. ఆ విషం తరువాత ఎంత కాచినను పోదు. మా దేగ్‌కు జరిగినది ఇటువంటిదే. మూత వేసిన పెద్ద పాత్ర నడుమ భాగం తెల్లవార్లును గోరువెచ్చగానే ఉండి సూక్ష్మజీవులకు పొదుగుడు గంపగా పనిచేసినది. మూత వేస్తే భద్రమని మేము అనుకొన్నాము. లోతు లేని పళ్ళెములలో పలుచగా పరచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే నష్టం తప్పేదేమో. వేడిగా ఉన్నప్పుడే ఆ దేగ్‌ను గోడ దాటించి ఉంటే నష్టం అసలే లేదు.

మాంసం, పాలు, పెరుగు, కొబ్బరి చేరిన పదార్థాలకు ఇంకను జాగ్రత్త అవసరం. చపాతీలు, పొడి వేపుడులు, పండ్లు, బిస్కట్లు కొంతకాలం ఆగుతవి. పంపే ప్రతి పాత్ర మీద ఏ పదార్థమో, ఏ వేళకు వండినదో వ్రాసి అంటించుట చిన్న పనియే గాని దాని ప్రయోజనం పెద్దది.

మిగులు వేరు, ఎంగిలి వేరు

మన భాషలో ఎంగిలి అను మాట ఉన్నది. ఉర్దూలో జూఠా అంటారు. వడ్డించకుండా పాత్రలో ఉన్నది మిగులు. కంచంలో చేయి పెట్టినది ఎంగిలి. మొదటిది మనిషికి పెట్టవచ్చును. రెండవది పశువుకో, ఎరువు గుంటకో పోవలెను. ఈ భేదం ఆరోగ్యానికే కాదు, మర్యాదకును సంబంధించినది. విందులలో ఈ రెండును ఒకే బకెట్టులో కలిపివేయు క్షణంలోనే తినదగినదంతయు తినరానిది అవుతున్నది.

పెట్టేవాని మనస్సు కూడ ఒక పదార్థమే. వెనుక ద్వారం దగ్గర నిలబెట్టి, విసుక్కొని, ఛాయాచిత్రం తీసికొని ఇచ్చిన అన్నం కడుపు నింపవచ్చును గాని మనిషిని తగ్గిస్తుంది. వీధి ఫ్రిజ్ పద్ధతిలోని గుణం ఇదే. ఉంచినవాడెవరో తీసికొన్నవానికి తెలియదు. తీసికొన్నవాడెవరో ఉంచినవానికి తెలియదు. మన వసతిగృహంలోనే నెలాఖరున మెస్సు బిల్లు కట్టలేక, ఆకలి లేదని చెప్పి గదిలో పడుకొనే మిత్రులు ఉన్నారన్న సంగతి మనలో చాలమందికి తెలుసును. గోడకు ఆవల మాత్రమే ఆకలి ఉన్నదని భావించుట పొరపాటు. అటువంటి మిత్రునికి దానం కాదు, పక్కన ఖాళీగా ఉంచిన కుర్చీ కావలెను.

మన వసతిగృహపు లెక్క

ఇప్పుడు ఒక చిన్న గణితం. ఇది ఊహకు వేసిన లెక్క. ఒక వసతిగృహంలో 200 మంది ఉన్నారనుకొందాము. ఒక్కొక్కరు పూటకు 50 గ్రాముల అన్నం, అనగా గుప్పెడు మాత్రమే, కంచంలో వదలినారనుకొందాము. పూటకు 10 కిలోలు, రెండు పూటలకు 20 కిలోలు. సంవత్సరంలో 200 దినాలు వసతిగృహం నడచినచో 4000 కిలోల అన్నం. ఒక కిలో బియ్యం వండితే రెండున్నర నుండి మూడు కిలోల అన్నం అవుతుంది గనుక ఇది సుమారు 1500 కిలోల బియ్యం. చట్టం ప్రకారం మనిషికి నెలకు లభించే 5 కిలోల చొప్పున లెక్కిస్తే, ఆ బియ్యం 25 మందికి సంవత్సరం పొడవునా సరిపోయేది. గుప్పెడు గుప్పెడుగా మనము పారవేసేది ఇరువదియైదుగురి రేషను!

ఈ లెక్కలోని అన్నం ఎంగిలి గనుక పంచుటకు పనికిరాదు. దీనికి మందు పంచుట కాదు, మొదట తక్కువ వడ్డించుకొనుట. మొదట వృథా కానీయకుండుట, పిమ్మట వేళకు పంచుట, తినరానిది మాత్రమే పశువులకు, ఎరువుకు పంపుట - ఈ క్రమం తలక్రిందులు కారాదు. మిగిలితే ఎవరికైనను ఇద్దాములే అను ధీమాతో ఎక్కువ వండుట పుణ్యం పేరిట చేసే వృథాయే.

ఈ సందర్భంలో కళాశాల పాలకవర్గం వారికి, మిత్రులకు కొన్ని సూచనలు చేయుటకు సాహసిస్తున్నాము. మొదటిది, వసతిగృహంలో రాత్రి భోజనానికి రానివారు సాయంత్రం నాలుగు గంటలలోగా పేరు వ్రాసే పుస్తకం ఒకటి ఉంచవలెను. రెండవది, చిన్న గరిటెతో వడ్డించి, అడిగినవారికి ఎన్నిసార్లయినను మారు వడ్డించవలెను. మూడవది, విందులలో ఒక దేగ్ ముగియనిదే మరొక దేగ్ దమ్ము విప్పరాదు; వడ్డన మొదలైన అరగంటకే ఒకరు జనాన్ని లెక్కించి, విప్పని దేగ్ అవసరం లేదని తోచిన వెంటనే, అది పొగలు క్రక్కుతుండగానే పంపివేయవలెను. నాలుగవది, ఎవరికి పంపవలెనో విందుకు ముందు దినమే స్వయంగా వెళ్ళి మాట్లాడి, వారు ఏ వేళ వరకు తీసికొంటారో, ఏమి తింటారో తెలిసికొనవలెను. ఐదవది, మిగులు పాత్రలు వేరు, ఎంగిలి తొట్టి వేరు ఉంచి, రెండింటికి ఇద్దరు విద్యార్థులు బాధ్యత వహించవలెను. వీటిలో ఖర్చుతో కూడినది ఒక్కటియు లేదు.

ముగింపు

ఇంకొక సూచన మిగిలియున్నది. అది మాకు అన్నింటికన్న ముఖ్యం. వార్షికోత్సవపు విందుకు అతిథుల లెక్క వేసినప్పుడు మేము పెద్దలను, పూర్వ విద్యార్థులను, పొరుగు కళాశాలల వారిని లెక్కించినాము. విందు అయిన తరువాత విస్తర్లు ఎత్తేవారిని, గిన్నెలు తోమేవారిని, గేటు దగ్గర నిలబడేవారిని లెక్కించలేదు. వారికి మిగిలినది పెడితే చాలునన్నది ఎవరును పైకి అనని మన అలవాటు. ఆనాడు మిగిలినది కూడ వారికి చేరలేదు.

గిన్నెలు పట్టుకొని వచ్చేవాళ్ళమని ఆయమ్మ అన్నది. ఆమె అడిగినది అంతే. కాని మనము ఇవ్వవలసినది అంతే కాదని మా అభిప్రాయం. ఈ సంవత్సరం జాబితా వ్రాయునప్పుడు ఆమె పేరును, ఆమె ఇంటివారి పేర్లను, ఆమె తోటివారి పేర్లను అతిథులతో పాటు వ్రాసి, బియ్యం కొలిచేటప్పుడే వారి వంతు కొలవవలెనని ప్రార్థిస్తున్నాము. వారు అందరితోపాటు పంక్తిలో కూర్చుండగా మనము వడ్డింతము. అప్పటికిని దేగ్‌లో ఏమైన మిగిలితే, అది చల్లారకముందే గోడ ఆవలికి మోసుకొనిపోవుటకు మా భుజాలు సిద్ధంగా ఉన్నవి.